సెక్రటేరియల్ సిలబస్‌లో ఏది ముందు రావాలి

ఆఫీసు నిర్వహణ, సెక్రటేరియల్ ప్రాక్టీసు బోధించే చోట సిలబస్ సవరణ మొదలైందంటే చర్చ సాధారణంగా ఒకే దారి పడుతుంది. ఆఫీసుల్లోకి కొత్తగా ఏ యంత్రం వచ్చింది, ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు అన్న ప్రశ్న ముందు వస్తుంది. దాని పేరుతో ఒక పేపరు చేరుతుంది. ఆ పేపరుకు గంటలు కావాలి కనుక పాతవాటిలో ఒకదాన్ని కుదిస్తారు; కుదించడానికి ప్రతిసారీ దొరికేవి ఉత్తరాల రచన, మినిట్స్ (సమావేశ నిర్ణయాల నమోదు), ఫైలింగ్, రికార్డుల నిర్వహణ. ఈ సబ్జెక్టును చాలాకాలంగా బోధిస్తూ, సిలబస్ కమిటీల్లో కూర్చున్న నాకు ఈ వరుసే తలకిందులుగా ఉందనిపిస్తుంది. ఆఫీసు తన ఉద్యోగికి ఏ బాధ్యత అప్పగిస్తుందో ముందు తేల్చుకుని, పాఠాన్ని ఆ బాధ్యత చుట్టూ అల్లి, పనిముట్టుకు ఆ పాఠం లోపల చోటివ్వాలని నా వాదన.

వరుస ఇలా తిరగబడడానికి కారణం ఈ విద్య పుట్టిన తీరులోనే ఉంది. ఐజాక్ పిట్‌మన్ తన షార్ట్‌హ్యాండ్ పద్ధతిని 1837లో ప్రచురించారు. జాన్ రాబర్ట్ గ్రెగ్ తన పద్ధతిని 1888లో వెలువరించారు. ఈ రెంటికీ మధ్య, 1874లో, షోల్స్, గ్లిడెన్‌లు రూపొందించిన టైపురైటరును రెమింగ్టన్ సంస్థ మార్కెట్టులోకి తెచ్చింది. 1881లో న్యూయార్కు వైడబ్ల్యూసీఏ (క్రైస్తవ యువతుల సంఘం) యువతులకు టైపింగు నేర్పడం మొదలుపెట్టింది. 1888లో సిన్సినాటిలో జరిగిన పోటీలో ఫ్రాంక్ మెక్‌గురిన్ కీబోర్డు వైపు చూడకుండా టైపు చేసి గెలిచాక, క్రమంగా ఆ పద్ధతే బోధనకు ప్రమాణమైంది. ఈ చదువులో పరీక్షకు అతి సులభంగా లొంగింది వేగం. ఐదు కీస్ట్రోకులను ఒక పదంగా లెక్కగట్టి, నిమిషానికి ఎన్ని పదాలో చూసి, తప్పులకు కొంత తగ్గిస్తే మార్కు తేలిపోతుంది. ఇద్దరు పరీక్షకులు విడివిడిగా దిద్దినా ఒకే అంకె వస్తుంది. అలా కొలతకు లొంగిన నైపుణ్యం సిలబస్‌కు నడిమధ్యకు వచ్చింది, లొంగనివి అంచులకు జరిగాయి.

ఆ కాలానికి అది సరైనదే. ఒక్క అక్షరం తప్పితే అసలు ప్రతితో పాటు కార్బన్ కాపీలన్నీ దిద్దాల్సిన రోజుల్లో, పెద్ద తప్పు పడితే పేజీ మొత్తం మళ్లీ కొట్టాల్సిన రోజుల్లో, తప్పులేని వేగం అంటే సంస్థకు కాలం, కాగితం మిగలడమే. డల్లాస్‌లో ఒక బ్యాంకులో సెక్రటరీగా పనిచేసిన బెట్టీ నెస్మిత్ గ్రాహమ్ 1950లలో తప్పుల మీద పూసే తెల్లని ద్రవాన్ని తయారుచేయడానికి దారితీసింది ఈ ఇబ్బందే. కానీ 1964లో ఐబీఎం తెచ్చిన యంత్రం టైపు చేసినదాన్ని అయస్కాంత టేపు మీద భద్రపరచి, దిద్ది, మళ్లీ అచ్చు తీసే వీలు కల్పించింది. 1976లో వాంగ్ సంస్థ వర్డ్ ప్రాసెసరుతో ఆ దిద్దుబాటు తెర మీదికి వచ్చింది. తప్పు దిద్దడానికి అయ్యే ఖర్చు అలా దాదాపు సున్నాకు దిగిపోయింది. తప్పును గుర్తించలేకపోవడం వల్ల జరిగే నష్టం మాత్రం తగ్గలేదు, పైగా పెరిగింది; ఒక తప్పు ఉత్తరం ఇప్పుడు ఒక్క నొక్కుతో వేలమందికి వెళ్లగలదు. పరీక్షలు మాత్రం ఇంకా మొదటి ఖర్చునే కొలుస్తున్నాయి.

ఆ తర్వాత వచ్చిన ప్రతి పనిముట్టుతోనూ ఇదే కథ నడిచింది. 1978లో పత్రాలు రాసే వర్డ్‌స్టార్ వచ్చింది, 1979లో లెక్కల పట్టికలు వేసే విజికాల్క్ వచ్చింది, 1983లో అదే పని చేసే లోటస్ వన్ టూ త్రీ వచ్చింది. వర్డ్‌స్టార్‌లో కంట్రోల్ కీతో కలిపి నొక్కాల్సిన అక్షరాల జతలను విద్యార్థులు ఎక్కాల్లాగా కంఠస్థం చేశారు. పత్రాలు రాసే మరో సాఫ్ట్‌వేర్ వర్డ్‌పర్‌ఫెక్ట్ నేర్చినవారు ఫంక్షన్ కీల పైన ఒక గుర్తుల పట్టీ పెట్టుకుని పనిచేశారు. 2007లో మైక్రోసాఫ్ట్ ఆఫీసు మెనూలు పోయి వాటి స్థానంలో రిబ్బన్ అనే బొత్తాల పట్టీ వచ్చినప్పుడు, ఏ మెనూలో ఎన్నో వరుసలో ఏముందో కంఠస్థం చేసినవారు మళ్లీ మొదటికి వచ్చారు. అదే సమయంలో శీర్షిక అంటే పెద్ద అక్షరాలు కాదని, పత్ర నిర్మాణంలో ఒక మెట్టు అని తెలిసినవారు శీర్షికల మెట్లను నిర్దేశించే స్టైల్స్ ఎక్కడున్నాయో వెతుక్కుని కొద్దిసేపట్లో పనిలో పడ్డారు. ఇద్దరికీ బోధించింది ఒకే సాఫ్ట్‌వేర్. ఒకరికి బొత్తాల స్థానం నేర్పారు, మరొకరికి బొత్తాం చేసే పని ఎందుకు అవసరమో నేర్పారు.

టైపింగును పూర్తిగా తీసేయమనే వారితో మాత్రం నేను ఏకీభవించను. చూడకుండా టైపు చేయగలిగిన చేతులు మనసును వాక్యం మీద ఉంచనిస్తాయి. కీ కోసం వెతికే కంటికి వాక్యంలోని తప్పు కనిపించదు. అయితే అది ప్రవేశ నైపుణ్యం. మొదటి కొద్ది నెలల్లో ఒక స్థాయికి చేర్చి, తర్వాత రోజువారీ పనిలోనే దానిని నిలబెట్టుకోనివ్వాలి. రెండేళ్ల కోర్సులో ప్రతి దశలోనూ వేగాన్ని పెంచే పేపరు పెట్టడం ఇతర పాఠాల గంటలను తినేయడమే.

బాధ్యత చుట్టూ పాఠం అల్లడం అంటే ఏమిటో మినిట్స్ విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది కనుక దాని దగ్గర కొంచెం ఆగుతాను. సమావేశంలో ఒక అంశం మీద చాలాసేపు చర్చ జరుగుతుంది. ఒకరు ప్రతిపాదిస్తారు, ఇంకొకరు షరతు పెడతారు, మూడో వ్యక్తి ఖర్చు సంగతి ఎత్తుతారు, అధ్యక్షుడు ‘సరే, అలా చూద్దాం’ అని తర్వాతి అంశానికి వెళ్తారు. ఇప్పుడు జరిగింది ఆమోదమా, వాయిదానా, సూత్రప్రాయ అంగీకారమా? మినిట్స్‌లో ‘ఆమోదించడమైనది’ అని రాస్తే ఖర్చు మొదలవుతుంది. ‘పరిశీలించాలని నిర్ణయించడమైనది’ అని రాస్తే ఎవరో ఒకరు తర్వాతి సమావేశానికి నివేదిక తేవాలి. ఎవరికి ఏ పని, ఏ తేదీలోగా అన్నది రాయకపోతే నెల తర్వాత ఎవరూ ఆ పని చేసి ఉండరు. భిన్నాభిప్రాయాన్ని నమోదు చేయమని సభ్యుడు కోరితే ఎంతవరకు రాయాలి, సందేహం ఉంటే సమావేశం ముగియకముందే అధ్యక్షుణ్ణి ఎలా అడిగి నిర్ధారించుకోవాలి, తర్వాతి సమావేశంలో సవరణ అడిగితే పాత ప్రతిని చెరపకుండా ఎలా నమోదు చేయాలి, ఇవన్నీ వృత్తి జ్ఞానం.

మాటను అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు సమావేశం మొత్తాన్ని రాతలో పెట్టగలదు, సారాంశం కూడా ఇవ్వగలదు. దాన్ని చూసి మినిట్స్ పాఠం ఇక అక్కర్లేదనడం పొరపాటు. అన్న మాటలన్నీ కాగితం మీదికి వచ్చాక, వాటిలో నిర్ణయం ఏదో తేల్చి దానికి బాధ్యత వహించే మనిషి అవసరం ఇంకా ఎక్కువవుతుంది. అందుకే షార్ట్‌హ్యాండ్ గురించి నా అభిప్రాయం రెండు వైపులవారికీ పూర్తిగా నచ్చదు. దాన్ని తప్పనిసరి పేపరుగా ఉంచడం ఈనాడు సమర్థనీయం కాదు. అక్షరం పొల్లుపోకుండా రాసుకోవాల్సిన ప్రత్యేక వృత్తుల్లోకి వెళ్లదలచినవారికి ఐచ్ఛికంగా ఉండాలి. అయితే ఖాళీ అయిన ఆ గంటలు మరో సాఫ్ట్‌వేర్‌కు వెళ్లకూడదు. డిక్టేషన్ తరగతి విద్యార్థికి లిపితో పాటు ఏకాగ్రతతో వినడం నేర్పేది. ఆ వినడానికి ఇప్పుడు వేరే పాఠం కావాలి. తరగతిలోనే ఒక సమావేశం నడిపించి, దాని రికార్డింగునూ యంత్రం ఇచ్చిన రాతప్రతినీ విద్యార్థి చేతికిచ్చి, మినిట్స్ రాయించాలి. తర్వాత ఆ సమావేశంలో పాల్గొన్నవారే ‘నేను అలా అనలేదు’ అని అభ్యంతరం చెబితే విద్యార్థి తన వాక్యాన్ని సమర్థించుకోవాలి లేదా సవరించాలి. ఈ అభ్యాసం పదిసార్లు చేసినవారికి ఏ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సారాంశంలోనైనా ఎక్కడ అనుమానించాలో తెలుస్తుంది.

స్ప్రెడ్‌షీట్ పాఠానికీ ఇదే వర్తిస్తుంది. సాధారణంగా సిలబస్‌లో ఫార్ములాలు, చార్టులు, పైవట్ టేబుళ్లు ఉంటాయి. 2020 శరదృతువులో ఇంగ్లండులో జరిగినది గుర్తు తెచ్చుకుందాం. ప్రయోగశాలల నుంచి వచ్చిన కోవిడ్ పరీక్షల ఫలితాలను ప్రజారోగ్య సంస్థ పాత ఎక్సెల్ ఫార్మాటులోకి ఎక్కించింది. ఆ ఫార్మాటులో ఒక షీటుకు 65,536 వరుసలే పడతాయి. పట్టని వరుసలు రాలిపోయాయి. 15,841 కేసులు ఆ రోజుల అధికారిక లెక్కలోకి రాలేదు, వారి పరిచయస్తులను గుర్తించే పని ఆలస్యమైంది. అక్కడ కావలసినది గొప్ప ఫార్ములా ఏమీ కాదు. వచ్చిన వరుసలెన్ని, ఎక్కినవెన్ని అని రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసే అలవాటు ఉంటే తేడా బయటపడేది. పాతకాలపు ఆఫీసులో ఉత్తరాల రిజిస్టరు రోజు ముగిసేసరికి సరిచూసే గుమాస్తాకు ఆ అలవాటు ఉండేది. మనం రిజిస్టరును తీసేసి, దానితో పాటు సరిచూడటాన్నీ సిలబస్ నుంచి తీసేశాం.

అడగకుండానే సవరించే సాఫ్ట్‌వేర్‌తో మరో చిక్కు ఉంది. ఎక్సెల్ కొన్ని జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేస్తుండటంతో, మనిషి జన్యువులకు పేర్లు పెట్టే కమిటీ చివరికి ఆ పేర్లనే మార్చి 2020లో మార్గదర్శకాలు ప్రకటించింది. శాస్త్రవేత్తలకే తప్పని ఈ సమస్య ఆఫీసులో రోజూ ఎదురవుతుంది: సున్నాతో మొదలయ్యే ఖాతా సంఖ్యలో ఆ సున్నా మాయమవుతుంది, పొడవైన గుర్తింపు సంఖ్య చివరి అంకెలు సున్నాలైపోతాయి, మూడు బై నాలుగు అని రాసిన తేదీ ఒక కంప్యూటరులో మార్చి, మరో కంప్యూటరులో ఏప్రిల్ అవుతుంది. సంవత్సరం, నెల, రోజు అనే క్రమాన్ని నిర్దేశించిన ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం 1988 నుంచీ ఉంది. ఏ సాఫ్ట్‌వేర్ వచ్చినా నిలిచే పాఠం అది. దానికి పట్టేది ఒక్క తరగతి.

పత్రం ఎలా తయారవుతుందో తెలియకపోవడం వల్ల జరిగే నష్టానికి మరో ఉదాహరణ 2019 జనవరిలో అమెరికాలో కనిపించింది. ట్రంప్ ఎన్నికల ప్రచారానికి ఒకప్పటి సారథి పాల్ మానఫోర్ట్ న్యాయవాదులు కోర్టులో దాఖలు చేసిన పీడీఎఫ్‌లో రహస్య వాక్యాల మీద నల్లని పట్టీలు వేశారు. పట్టీ కింద అక్షరాలు అలాగే ఉన్నాయి; కాపీ చేసి వేరేచోట అతికిస్తే చదవగలిగారు. కాగితం మీద నల్ల సిరా పూసి, దాని నకలు తీసి ఇస్తే పని పూర్తయ్యేది. తెర మీది పత్రానికి పొరలుంటాయని, చరిత్ర ఉంటుందని, కనిపించని వ్యాఖ్యలూ సవరణలూ దానితో పాటే ప్రయాణిస్తాయని నేర్పకుండా గోప్యత గురించి ఒక పేజీ సైద్ధాంతిక పాఠం చెప్పడం చాలదు.

ఫైలింగ్ పాఠాన్ని కుదించినప్పుడు చెప్పే కారణం ఒక్కటే: ‘ఇప్పుడు వెతికితే దొరుకుతుంది కదా’ అని. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో నిలువు ఫైలింగ్ పద్ధతిని పరిచయం చేసినప్పుడు అది తీర్చిన సమస్య కాగితం దొరకడమే, నిజం. అయితే వెతుకులాట ఒక పత్రానికి ఏడు ప్రతులు చూపిస్తే వాటిలో ఆమోదం పొందినది ఏదో అది చెప్పదు. ఎవరు చూడవచ్చో, ఎన్నాళ్లు ఉంచాలో, ఎప్పుడు ఎవరి అనుమతితో తొలగించాలో చెప్పదు. రికార్డుల నిర్వహణకు 2001లో వచ్చి 2016లో సవరణ పొందిన ఐఎస్ఓ 15489 ప్రమాణం, రికార్డు అసలైనదై ఉండాలని, నమ్మదగినదై ఉండాలని, ఎవరూ మార్చకుండా నిలవాలని, అవసరమైనప్పుడు ఉపయోగపడాలని కోరుతుంది. ఈ నాలుగూ కాగితానికీ, క్లౌడ్‌లోని ఫోల్డరుకూ సమానంగా వర్తిస్తాయి. సిలబస్‌లో నేను కదల్చకూడదనే మూలభాగం ఇదే.

కృత్రిమ మేధ విషయానికి వస్తాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023 ఆగస్టులో వెలువరించిన అధ్యయనం ప్రకారం, కొత్తగా రాయగల ఈ యంత్రాల ప్రభావం అన్నిటికన్నా ఎక్కువగా పడేది క్లరికల్ పనుల మీదే: ఆ పనుల్లో 24 శాతానికి తీవ్ర ప్రభావం, మరో 58 శాతానికి మధ్యస్థ ప్రభావం ఉంటుందని అంచనా వేసింది. ఈ ఉద్యోగాల్లో మహిళలు ఎక్కువగా ఉన్నందున ఆ భారం వారి మీద ఎక్కువ పడుతుందని కూడా చెప్పింది. దీనిని తేలిగ్గా తీసుకునే హక్కు ఈ విద్యను బోధించే ఎవరికీ లేదు. మన తరగతుల్లో కూర్చునేవారిలో చాలామందికి ఇంటిని నిలబెట్టే తొలి ఉద్యోగం ఈ కోర్సు మీదే ఆధారపడి ఉంటుంది. అయినా భవిష్యత్తు గురించిన అంచనాల మీద సిలబస్ కట్టడం ప్రమాదకరమని చరిత్ర చెబుతోంది. 1975లోనే బిజినెస్ వీక్ పత్రిక రాబోయే ఆఫీసులో కాగితం అంతరిస్తుందనే అంచనాలను ప్రచురించింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ప్రింటర్లతోనూ కాపీ యంత్రాలతోనూ ఆఫీసు కాగితం వాడకం పెరిగింది.

ఈ యంత్రాన్ని ఎలా అడగాలో నేర్పే పేపరు ఒకటి చేర్చితే సరిపోతుందనే వారి ధోరణి నాకు వర్డ్‌స్టార్ కాలాన్నే గుర్తుచేస్తోంది. అడిగే పద్ధతులు నెలల్లో మారిపోతున్నాయి. మారనిది, వచ్చిన జవాబును సరిచూడాల్సిన బాధ్యత. 2023లో న్యూయార్కు ఫెడరల్ కోర్టులో మాటా, ఏవియాంకా కేసులో న్యాయవాదులు చాట్‌జీపీటీ కల్పించిన, అసలు లేనే లేని తీర్పులను ఉదహరించి 5,000 డాలర్ల జరిమానాకు గురయ్యారు. ఆ పత్రం కోర్టుకు వెళ్లేలోపు ఒక్కరైనా ప్రతి తీర్పునూ మూలంలో తెరిచి చూసి ఉంటే అంతవరకు వచ్చేది కాదు. ఆ ఒక్కరిని తయారుచేయడమే మన పని. యంత్రం రాసిన ఉత్తరాన్ని విద్యార్థికిచ్చి, అందులో తప్పుగా పడిన ఒక డబ్బు మొత్తాన్ని, ఒక తప్పు హోదాను, ఇన్‌వాయిస్‌తో సరిపోలని ఒక తేదీని, సంస్థ ఎన్నడూ ఇవ్వని ఒక హామీని ఉంచి, ప్రతి వాక్యానికీ ఆధారం ఏ కాగితంలో ఉందో పక్కన రాయమనాలి. ఈ నాలుగింటిలో ఎక్కువమంది కంటికి తప్పించుకునేది హామీయే. అది తప్పులా కనిపించదు, మర్యాదలా కనిపిస్తుంది.

ఇక్కడ నన్ను నిజంగా ఆందోళనకు గురిచేసే విషయం ఒకటుంది. డ్రాఫ్టును దిద్దగలిగిన చూపు ఎన్నో డ్రాఫ్టులు స్వయంగా రాయడం వల్ల వస్తుంది. మొదటి రోజు నుంచీ యంత్రమే రాసిపెడితే ఆ చూపు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే తొలి సెమిస్టరులో ఉత్తరం, సర్క్యులర్, నోట్, మినిట్స్ పూర్తిగా విద్యార్థి చేతే, ఏ సహాయమూ లేకుండా రాయించాలని, రెండో సెమిస్టరు నుంచి యంత్రాన్ని తరగతిలోకి తేవాలని నా ప్రతిపాదన. ఇది కాలానికి ఎదురీత అని కొందరు సహోద్యోగులు అంటారు. నా దృష్టిలో ఆ క్రమం లేకపోతే రెండో దశ బోధనకు పునాదే ఉండదు.

సిలబస్ తయారుచేసే పద్ధతి గురించి కూడా కొంత చెప్పాలి. 1960ల చివర కెనడాలో రూపుదిద్దుకున్న డాకమ్ పద్ధతిలో, ఆ పనిని ప్రస్తుతం చేస్తున్నవారిలో నిపుణులను కొద్దిమందిని కూర్చోబెట్టి, వారి విధులనూ పనులనూ వారి నోటితోనే చెప్పించి పట్టిక గీస్తారు. పై అధికారులు ఊహించే పనికీ సెక్రటరీ నిజంగా చేసే పనికీ ఉన్న దూరం అక్కడ బయటపడుతుంది కనుక ఈ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. దాని లోటు ఏమిటంటే రోజూ చేసే పనులు పట్టికలో నిండిపోతాయి, ఏడాదికోసారి వచ్చినా సంస్థను నిలబెట్టే లేదా కూల్చే పనులు చివరి గడుల్లోకి జారుతాయి. కనుక ‘మీరేం చేస్తారు’ అన్న ప్రశ్నకు తోడు ‘మీరు ఏ తప్పు చేస్తే అన్నిటికన్నా ఎక్కువ నష్టం’ అని కూడా అడగాలి. కార్మిక సంస్థ వృత్తుల వర్గీకరణ, ఐఎస్‌సీఓ-08, ఇంకో సంగతి చూపిస్తుంది: అందులో టైపిస్టులు 4131, సాధారణ సెక్రటరీలు 4120 కింద క్లరికల్ వర్గంలో ఉంటే, ఎగ్జిక్యూటివ్ సెక్రటరీలు 3343 కింద పైమెట్టు నైపుణ్యం అవసరమైన వర్గంలో ఉన్నారు. ఈ రెండు మెట్ల మధ్య ఉన్న తేడా ఇంకొక సాఫ్ట్‌వేర్ కాదు. నిర్ణయాధికారి తరఫున విచక్షణతో పనిచేయగలగడం. మన కోర్సులు చాలావరకు కింది మెట్టు దగ్గరే ఆగిపోతున్నాయి.

ఉద్యోగ ప్రకటనల్లో సాఫ్ట్‌వేర్ పేర్లే ఉంటాయి, ఆ పేర్లు సర్టిఫికెట్టులో లేకపోతే మా పిల్లల్ని ఇంటర్వ్యూకి కూడా పిలవరు అన్నది బలమైన అభ్యంతరం. దాన్ని తోసిపుచ్చలేం. అందుకే సిలబస్‌ను రెండు భాగాలుగా రాయాలంటాను. మూలభాగంలో ఒక్క సాఫ్ట్‌వేర్ పేరు కూడా ఉండకూడదు. దాన్ని ఐదేళ్లకోసారి బోర్డు స్థాయిలో సవరిస్తే చాలు. అనుబంధంలో ఆ ఏడాది వాడుకలో ఉన్న పనిముట్ల పేర్లు, వెర్షన్లు ఉండాలి. దానిని ఏటా ఆ విభాగపు అధ్యాపకులే, పై ఆమోదం కోసం ఎదురుచూడకుండా మార్చుకోగలగాలి. మొత్తం గంటల్లో పావు వంతు అనుబంధానికి వెళ్లవచ్చు, సర్టిఫికెట్టులో ఆ పేర్లూ రాయవచ్చు. ఇప్పుడు ఒకే పత్రంలో రెండూ కలిసి ఉండటం వల్ల, ఒక మెనూ మారినా మొత్తం సిలబస్‌కు ఆమోదం కావాల్సి వస్తోంది. ఆ ఆమోదం వచ్చేసరికి ఆ వెర్షనే ఉండటం లేదు. ఈ మార్పుకు అధ్యాపకులూ సిద్ధపడాలి. మేము కొన్నేళ్లకోసారైనా కొన్ని వారాలు ఏదో ఒక ఆఫీసులో కూర్చుని పనిచేసి రావాలి, అందుకు సంస్థలు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి.

పరీక్ష మారకపోతే పైన చెప్పినవేవీ నిలబడవు. విద్యార్థి పరీక్షకే చదువుతారు, అధ్యాపకుడు పరీక్షకే బోధిస్తారు. నేను కోరే ప్రాక్టికల్ పరీక్షలో ప్రతి విద్యార్థికీ ఒక ఫోల్డరు ఇస్తారు: కొన్ని ఉత్తరాలు, ఒక సమావేశపు రాతప్రతి, ఒకదానితో ఒకటి పొసగని రెండు పట్టికలు, ఒక ఒప్పందానికి మూడు ప్రతులు, యంత్రం రాసిన ఒక జవాబు. మూడు గంటల్లో మినిట్స్ రాయాలి, సరైన ప్రతిని గుర్తించి కారణం చెప్పాలి, పట్టికల తేడాను పై అధికారికి చిన్న నోట్‌గా నివేదించాలి, జవాబును సరిచూసి పంపాలి. ఏ సాఫ్ట్‌వేర్ వాడతారన్నది విద్యార్థి ఇష్టం. దీన్ని దిద్దడం కష్టమే, ఇద్దరు పరీక్షకుల మార్కుల్లో తేడా రావచ్చు. ప్రతి అంశానికీ ముందే రాసుకున్న ప్రమాణాలతో, ఇద్దరూ కలిసి కొన్ని జవాబుపత్రాలు దిద్ది చూసుకోవడంతో ఆ తేడాను తగ్గించవచ్చు. మార్కుల్లో ఒక నియమాన్ని మాత్రం నేను వదులుకోను: ఆ జవాబులో తప్పుగా పడిన డబ్బు మొత్తాన్ని పట్టుకోకుండా ఎంత చక్కగా అమర్చి పంపినా, ఆ విద్యార్థికి ఆ భాగంలో ఉత్తీర్ణత ఇవ్వకూడదు.